కడలి తొట్టికి కొలతలు

గాజు తొట్టిలో మంచినీరు పోసి రంగురంగుల చేపలను పెంచుట మన పట్టణములకు కొత్త వేడుక కాదు. దానికంటె అందమైనదియు, దానికంటె కష్టతరమైనదియు నగు మరియొక వేడుక నేడు మన యిండ్లలోనికి వచ్చుచున్నది. అది ఉప్పునీటి తొట్టి. అందును, పగడపు దిబ్బను పోలునట్లు రాళ్లు పేర్చి, వానిపై మెత్తని పగడపు జాతి జీవులను నిలిపి, వాని సందులలో సముద్రపు చేపలను పెంచు తొట్టి. దీపము వెలిగిన కొంతసేపటికి ఆ జీవులు పూలవలె విప్పారును. నారింజ వన్నెపై తెల్లని పట్టెలు గల క్లౌన్ చేపలు వాని నడుమ దోబూచులాడును. దాని నొకసారి చూచినవారు తమ యింటను అట్టిది యుండిన బాగుండునని కోరుట సహజము.

ఆ కోరికను కాదనుట ఈ ప్రసంగమున మా యుద్దేశము కాదు. అట్టి తొట్టి ఎంత పొడవు, ఎంత వెడల్పు, ఎంత యెత్తు ఉండవలెనను ఒక్క ప్రశ్ననే విచారింపదలచితిమి. చూచుటకు ఇది చిన్న ప్రశ్న. కాని గాజు పలకలను అతికించిన పిదప తొట్టి కొలతను మార్చుట ఎవరి తరమును కాదు. చేపను మార్చవచ్చును, దీపమును మార్చవచ్చును, నీటిని మార్చవచ్చును. కొలత మాత్రము మారదు. శ్రోతలు కాగితము, పెన్సిలు దగ్గర నుంచుకొన్నచో మాతోపాటు లెక్క వేసి చూచుకొనవచ్చును.

ఈ లెక్కకు రొళ్లను ఆధారముగా తీసికొందము. శ్రీ సత్యసాయి జిల్లాలో, మడకశిర ప్రాంతమున, కన్నడసీమ సరిహద్దున నున్న ఊరు రొళ్ల. అక్కడ తెలుగు వినవచ్చును, కన్నడము వినవచ్చును. కడలి హోరు మాత్రము వినరాదు. పడమటి తీరము తిన్నగా కొలిచినను 250 కిలోమీటర్లకు పైబడి యున్నది. తూర్పు తీరము అంతకంటెను దూరము. ఈ అనంతపురపు సీమలో ఏడాదికి కురియు వాన సగటున 550 మిల్లీమీటర్ల లోపలనో, ఆ చేరువనో ఉండును. బోరు నీరు కఠిన జలము. పెక్కు గ్రామములలో అందు ఫ్లోరైడును అధికము. కడలి తొట్టికి ఇంతకంటె ప్రతికూలమైన చోటు దొరకదని తోచును. అందువలననే ఆ యూరిని ఎన్నుకొంటిమి. రొళ్లలో నిలువగల కొలత రాయలసీమలో ఎక్కడనైనను నిలుచును.

సముద్రమునకు దూరముగా సముద్రజీవులను పెంచవచ్చునను తలపు నేటిది కాదు. 1853లో లండను జంతు ప్రదర్శనశాలలో ప్రజల దర్శనార్థము చేపల భవనమొకటి తెరువబడినది. అందులకు తోడ్పడిన ఫిలిప్ హెన్రీ గాస్ అను ప్రకృతి శాస్త్రజ్ఞుడు 1854లో అక్వేరియమును గూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. మంచినీట లవణములను కలిపి సముద్రజలమును సిద్ధపరచు పద్ధతిని గూడ అతడు ఆ కాలముననే వెల్లడించెను. మన దేశమున 1909లో మద్రాసు మెరీనా తీరమున అక్వేరియము వెలసినది. 1951లో బొంబాయిలో తారాపూర్‌వాలా అక్వేరియము ప్రారంభమైనది. అవి కడలి యొడ్డున వెలసినవి గనుక ఉప్పునీటికి కొదువ లేకుండెను. రొళ్ల యింటికి గాస్ చూపిన దారియే దారి.

సముద్రజలమున లీటరునకు రమారమి 35 గ్రాముల లవణములు కరగి యుండును. వానిలో మన వంట ఉప్పు అధికభాగమే యైనను, అదియే సర్వము కాదు. కాల్షియము లీటరునకు సుమారు 400 మిల్లీగ్రాములు, మెగ్నీషియము సుమారు 1300 మిల్లీగ్రాములు, ఇంకను పెక్కు పదార్థములు అందు తగు పాళ్లలో ఉండును. ఆ పాళ్లలో కూర్చిన లవణపు పొడి అక్వేరియము దుకాణములలో దొరకును. వంటింటి ఉప్పును నీట కలిపి సముద్రమైనదనుకొనుట జీవులను చేజేతుల చంపుకొనుటయే. ఇక ఆ పొడిని కలుపు నీరు శుద్ధమైనది కావలెను. బోరు నీటిలోని నైట్రేటును, సిలికాయు నాచును పెంచును. తక్కిన లవణములు పొడిలోని పాళ్లను చెరచును. కనుక ఆర్.ఓ. యంత్రమున వడసిన నీరే ఈ తొట్టికి తగినది. ఈ నీటి మాటను జ్ఞాపకముంచుకొనుడు. తొట్టి కొలతను తుదకు నిర్ణయించునది ఇదియే.

నీటికిని పాత్రకును పొంతన కుదుర్చుట మన సీమవారికి పాత విద్య. కడప సీమలోని పోరుమామిళ్ల చెరువు చెంత 1369 నాటి శాసనము కలదు. ఒకటవ బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు ఆ చెరువును కట్టించెను. మంచి చెరువునకు ఉండవలసిన 12 అంగములను, ఉండరాని 6 దోషములను ఆ శాసనము లెక్కించి చెప్పుచున్నది. కట్ట నుండి నీరు ఊరుట ఒక దోషము. చవుటి నేల ఒక దోషము. నడుమ మిట్ట యుండుట ఒక దోషము. ఇరు రాజ్యముల పొలిమేరన ఉండుట మరియొక దోషము. ఇది విని రొళ్లవారు నవ్వుకొందురు గాక. మిగిలిన రెండును మన విషయమునకు సూటిగా తగులును. నీరు కొంచెమై నేల విరివి యగుట ఒకటి. నేల కొంచెమై నీరు అధికమగుట రెండవది.

గాజు తొట్టికిని ఈ రెండే పెద్ద దోషములు. ఇంటికి దొరకు నీటికంటె తొట్టి పెద్దదైనను చెడును. పెంచదలచిన ప్రాణులకు చాలనంత చిన్నదైనను చెడును. గోడపై ఎంత చోటున్నదను ప్రశ్న ఈ రెంటి తరువాతనే రావలెను. మనవారు తరచుగా దానినే మొదట వేసికొందురు.

ఇక లెక్కకు వత్తము. తొట్టి పొడవును, వెడల్పును, ఎత్తును సెంటీమీటర్లలో కొలిచి, మూడింటిని హెచ్చించి, 1000చేత భాగించినచో లీటర్లు వచ్చును. అన్ని వైపుల 30 సెంటీమీటర్లుగల తొట్టి 27 లీటర్లు పట్టును. 60 పొడవు, 40 వెడల్పు, 40 ఎత్తు గలది 96 లీటర్లు పట్టును. 90 పొడవు, 45 వెడల్పు, 45 ఎత్తు గలది 182 లీటర్లు. 120 పొడవు, 60 వెడల్పు, 60 ఎత్తు గలది 432 లీటర్లు. పై అంచున విడుచు వెలితిని, రాళ్లును ఇసుకయు ఆక్రమించు చోటును తీసివేయగా, నిజముగా నిలుచు నీరు ఇందు పదింట ఎనిమిది పాళ్లుండును. కడపటి రెండు తొట్లను పోల్చి చూడుడు. ప్రతి కొలతయు మూడవ వంతు మాత్రమే హెచ్చినది. నీరు రెండు రెట్లకు మించి హెచ్చినది. దుకాణమున నిలిచి చూచునపుడు ఈ భేదము కంటికి ఆనదు. బిందెలు మోయునపుడు నడుమునకు తెలియును.

మొదటిసారి తొట్టి పెట్టువారు చిన్నదైనచో సులభమని తలంతురు. కడలి తొట్టి విషయమున ఇది తలక్రిందులు. చేపల మలమును, తినక మిగిలిన మేతయు కుళ్లి అమ్మోనియా యగును. రాళ్లయందు వసించు సూక్ష్మజీవులు దానిని మొదట నైట్రైటుగాను, పిదప నైట్రేటుగాను మార్చును. ఆ సూక్ష్మజీవులు వృద్ధి చెందుటకే నాలుగు నుండి ఆరు వారములు పట్టును. అంతవరకు తొట్టిలో చేపను విడువరాదు. తరువాతనైనను, 27 లీటర్ల తొట్టిలో ఒక చేప చచ్చి రాతి చాటున పడియున్నచో ఆ విషమంతయు ఆ కొద్ది నీటనే కలియును. అదే చేప 182 లీటర్ల తొట్టిలో చచ్చినచో విషము ఇంచుమించు ఏడవ వంతు చిక్కదనముననే యుండును. ఇంటివారు గమనించి, తీసివేసి, నీరు మార్చుటకు వ్యవధి చిక్కును. పెద్ద తొట్టి మనకిచ్చు వరము ఈ వ్యవధియే.

ఆవిరి సంగతి కొంత వేరు. నీరు ఆవిరి యగునపుడు ఉప్పు వెంటబోదు, తొట్టిలోనే నిలిచిపోవును. మన యెండలకు మూతలేని తొట్టిలో దినమునకు అర సెంటీమీటరు మట్టము తగ్గునని లెక్క కొరకు అనుకొందము. 30 సెంటీమీటర్ల లోతున మూడు దినములు నీరు పోయుట మరచినచో 35 గ్రాములుండవలసిన ఉప్పదనము 36.8కి చేరును. 45 సెంటీమీటర్ల లోతున అది 36.2 వద్ద నిలుచును. ఇచ్చట తొట్టి ఎంత పొడవుగా నున్నను, ఎంత వెడల్పుగా నున్నను ఫలితమొక్కటియే. లోతే లెక్కకు వచ్చునది. పరచుకొన్న కుంట వేసవి నడుమకు రాకమునుపే ఎండిపోవుటయు, లోతైన చెరువు ఇంకను కొన్నాళ్లు నిలుచుటయు మన కన్నుల యెదుటిదే కదా. కనుక లోతు మరీ తక్కువ గల తొట్టిని మన సీమలో ఎన్నుకొనరాదు. ఆవిరియైన నీటికి బదులు పోయవలసినది శుద్ధమైన మంచినీరే గాని ఉప్పునీరు గాదని గూడ గమనింపవలెను.

ఇప్పుడు ఇంటి నీటి లెక్క. 90, 45, 45 కొలతల తొట్టిలో దినమునకు అర సెంటీమీటరు తగ్గుట యనగా 2 లీటర్లు. నెలకు 60 లీటర్లు. ఇదిగాక పదునైదు దినములకొకసారి పదవ వంతు నీటిని తీసి క్రొత్త ఉప్పునీరు పోయవలెను. అది నెలకు 30 లీటర్లు. వెరసి నెలకు 90 లీటర్ల శుద్ధజలము కావలెను. ఇండ్లలోని ఆర్.ఓ. యంత్రములు ఒక లీటరు శుద్ధజలమిచ్చుటకు మూడేసి లీటర్లు వెలుపలికి విడుచుట కద్దు. ఆ లెక్కన నెలకు 270 లీటర్లు వ్యర్థజలముగా పోవును. 120, 60, 60 కొలతల తొట్టికి అదే లెక్క వేసి చూడుడు: శుద్ధజలము 177 లీటర్లు, వ్యర్థజలము 530 లీటర్లు. ఆ వ్యర్థజలమును ఇల్లు కడుగుటకును, మరుగుదొడ్డికిని వాడవచ్చును. లవణములు చిక్కబడి యుండును గనుక త్రాగుటకు తగదు, మొక్కలకు నిత్యము పోయుటకును తగదు. ట్యాంకరు కొరకు వీధిలో బిందెలు బారులు తీరు దినములలో, ఇంట నీరు పట్టి మోయువారి యెదుట ఈ అంకెలను చదివి, వారి సమ్మతి పొందిన పిమ్మటనే దుకాణమునకు పోవలెను.

దీనికొక మంచి ఉపాయము కలదు. అది వాన. 10 చదరపు మీటర్ల మిద్దెపై 550 మిల్లీమీటర్ల వాన కురిసినచో 5500 లీటర్ల నీరగును. పైన చెప్పిన నడిమి తొట్టికి ఏడాదికి కావలసినది 1080 లీటర్లు; అనగా ఆ వానలో అయిదవ వంతు. మొదటి వానను మిద్దె కడుగుటకు విడిచి, తరువాతి వానను మూతగల ప్లాస్టిక్ డ్రమ్ములలో పట్టి, వడకట్టి యంత్రమునకు పెట్టినచో బోరు నీటికంటె ఎంతో తేలికగా శుద్ధియగును. యంత్రపు పొరయు చిరకాలము మన్నును. వాన పట్టు ఏర్పాటు లేని యింట పెద్ద తొట్టి కొనుట నీరు కొంచెమై నేల విరివియైన దోషమే.

ఇంతవరకు నీటి పరిమాణమును చూచితిమి. అదే పరిమాణమును ఏ యాకారమున నుంచవలెనన్నది తరువాతి విచారము. మొదట ఎత్తు. గాజుపై నీటి త్రోపు తొట్టి పొడవును బట్టి సమముగా పెరుగును. ఎత్తును బట్టి మాత్రము దాని వర్గము చొప్పున పెరుగును. 90 పొడవు, 45 ఎత్తు గల ముందరి గాజుపై ఉప్పునీటి త్రోపు సుమారు 93 కిలోల బరువంత. ఎత్తును 60 చేసినచో అది సుమారు 166 కిలోలగును. ఎత్తు మూడవ వంతు పెరుగగా త్రోపు దాదాపు ఎనుబది పాళ్లు పెరిగినది. అందుచేత ఎత్తైన తొట్టికి మందపు గాజు కావలెను, వ్యయమును హెచ్చును. వెలుతురును లోతుతోపాటు తరుగును. పగడపు జీవుల దేహమున వసించు సన్నని నాచుకణములు వెలుతురుతోనే ఆహారమును వండి వానికి పెట్టును. లోతు పెరిగినకొలది దీపమును, కరెంటు బిల్లును పెంచవలసి వచ్చును. అన్నిటికంటె ముఖ్యముగా, అడుగున పడినదానిని మన చేయి అందుకొనవలెను. 60 సెంటీమీటర్లు మించినచో సామాన్యుని చేయి అడుగును తాకదు. చేయి అందని మూలలోనే మురికి పేరుకొనును.

నీరు ఊపిరి పీల్చునది పై ముఖము నుండియే. 90, 45, 45 తొట్టి పై ముఖము 4050 చదరపు సెంటీమీటర్లు. అదే తొట్టిని నిలువుగా ఎత్తి నిలిపినట్లు 45, 45, 90 చేసినచో నీరు 182 లీటర్లే. పై ముఖము మాత్రము 2025. నీరంతయు ఉన్నది, ఊపిరి సగమైనది. గదిలో మూలకు ముచ్చటగా ఒదుగునని నిలువు తొట్లను కొందరు మెచ్చుకొందురు. కరెంటు పోయి పంపు ఆగిన రాత్రి ఆ ముచ్చట చేపలకు ప్రాణాంతకము.

వెడల్పును మనవారు మరచుట మరియొక లోపము. దుకాణములలో మూడడుగుల తొట్టి యనిన తరచుగా అడుగు వెడల్పునే చూపుదురు. మంచినీటి చేపలకు అది చాలును. కడలి తొట్టిలో రాళ్ల దిబ్బ యున్నది. నాచును గీకుటకు ముందరి గాజు వద్ద 10 సెంటీమీటర్లు, నీరు తిరుగుటకు వెనుక 5 సెంటీమీటర్లు వదలవలెను. 30 సెంటీమీటర్ల వెడల్పున రాతికి మిగులునది 15. 45 వెడల్పున 30. 15 సెంటీమీటర్ల వెడల్పును చేర్చినంతనే దిబ్బకు చోటు రెండింతలైనది. డబ్బు పెంచగలిగినవారు ముందు వెడల్పును, పిదప పొడవును, కట్టకడపట ఎత్తును పెంచవలెనని మా సలహా.

బరువును గూర్చి ఒక మాట. 182 లీటర్ల ఉప్పునీరు 187 కిలోలు తూగును. గాజు, రాళ్లు, ఇసుక, స్టాండు, క్రింద నుంచు వడపోత తొట్టి కలిసినచో మొత్తము 350 కిలోల వరకు రావచ్చును. ఇది అరచదరపు మీటరైనను లేని చోటున నిలుచును. నివాసగృహముల అంతస్తులను చదరపు మీటరునకు 200 కిలోల భారమునకు తగినట్లు లెక్కించుట మన దేశపు ప్రమాణము. కనుక క్రింది అంతస్తులో బండలు పరచిన గట్టి నేలయే ఉత్తమము. పై అంతస్తున పెట్టగోరువారు గోడవారగా, దూలములకు అడ్డముగా నుంచుటయేగాక, ఇంజనీరును అడిగి నిశ్చయించుకొనవలెను. పాత మట్టి మిద్దెలపై ఈ ప్రయత్నమే కూడదు. స్టాండును రసమట్టముతో సరిచూచి, దానిపై థర్మాకోలు పలకను పరచి, అప్పుడు తొట్టిని నిలుపవలెను. ఒక మూల ఎగుడైనను గాజు ఓర్వదు.

వేసవిని మరువరాదు. ఈ జీవులకు 24 నుండి 27 డిగ్రీల వేడిమి హితము. 30 దాటి నిలిచినచో పగడపు జీవులు తమలోని నాచుకణములను విడిచి తెల్లబారును. సముద్రమునందే 1998, 2010, 2016 సంవత్సరములలో మన్నారు సింధుశాఖ పగడములు వేడికి తెల్లబారినవి. 2024లో ప్రపంచవ్యాప్తముగా అట్టి వైపరీత్యము నాలుగవసారి సంభవించినట్లు శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. రొళ్లలో పొడిగాలి మనకొక మేలు చేయును. కుండలోని నీరు చల్లబడు సూత్రముననే, తొట్టి ముఖముపై చిన్న విసనకఱ్ఱ యంత్రమును త్రిప్పినచో నీరు చల్లబడును. ఒక లీటరు నీరు ఆవిరియైనచో 150 లీటర్లను సుమారు 4 డిగ్రీలు చల్లార్చునంత వేడి దానితో పోవును. గది వేడి తిరిగి చేరుచుండును గనుక నిజమైన తగ్గుదల 2 లేక 3 డిగ్రీలుండును. ఈ చల్లదనమునకు మూల్యము మరల నీరే. వేసవిలో దినమునకు 2 లీటర్లన్నది 3 లేక 4 కావచ్చును. కరెంటు పోవుట కద్దు గనుక ఇన్వర్టరునకు ఒక చిన్న గాలిపంపునైనను కలిపి యుంచవలెను.

ఇక ప్రాణుల వైపు నుండి చూతము. క్లౌన్ చేప పెరిగినను 8 నుండి 10 సెంటీమీటర్లు మించదు. ఎక్కువ దూరము తిరుగదు. ఒక జత 60 సెంటీమీటర్ల తొట్టిలో సుఖముగా నుండును. 90లో వానికి తోడు మరి రెండు మూడు చిన్న చేపలుండవచ్చును. కాని దుకాణమున వ్రేలెడంత కనబడు సర్జన్ చేప దిబ్బల వెంట దూరము లీదు జాతి. దానికి 120 నుండి 180 సెంటీమీటర్ల పొడవు కావలెను. దానిని 60 తొట్టిలో విడుచుట నేల కొంచెమై నీరధికమైన చెరువు వంటి పొరపాటు. చేపను చూచి తొట్టిని ఎన్నుకొనవలెను గాని తొట్టి కొన్న పిదప కనబడిన చేపనెల్ల తెచ్చి పోయరాదు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ క్లౌన్ చేపలను తొట్లలోనే గ్రుడ్లు పెట్టించి పిల్లలను పెంచు పద్ధతులను రూపొందించినది. అట్లు పెరిగిన చేపలనే కోరి కొన్నచో కడలికిని మేలు, తొట్టి జీవితమునకు అవి అలవాటుపడి యుండును గనుక మనకును మేలు.

పగడముల విషయమున చట్టమును తెలిసికొనుట అవసరము. మన స్త్రీలు ధరించు ఎఱ్ఱని పగడము పూర్వకాలము నుండి మధ్యధరా సముద్రము నుండి వచ్చునది. దిబ్బలు కట్టు పగడములు వేరు జాతివి. కచ్ సింధుశాఖ, మన్నారు సింధుశాఖ, లక్షద్వీపములు, అండమాను నికోబారు దీవులు మన దేశమున వాని నెలవులు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో దిబ్బలు కట్టు గట్టి పగడములన్నియు, నల్ల పగడములును, అగ్ని పగడములును, సముద్రపు విసనకఱ్ఱలును, సముద్రపు గుఱ్ఱములును 2001లో చేర్చబడినవి. వానిని కడలి నుండి తీయుట, అమ్ముట, కొని యుంచుకొనుట నేరము. పగడపు దిబ్బ నుండి పెరికిన రాయియు ఇందులకు లోబడినదే. కనుక కాల్చిన మట్టితో చేసిన రాళ్లను వాడవలెను. మెత్తని జాతి జీవులను కొనునపుడు గూడ అవి ఎచ్చటివో తెలుపు బిల్లును అడిగి తీసికొని, సందేహమున్నచో అటవీశాఖవారిని విచారింపవలెను. తొట్టి చిన్నదైనను పెద్దదైనను, దొంగసొత్తుతో నిండినచో అది ఇంటికి అలంకారము కాజాలదు.

చెప్పినదానిని క్రోడీకరింతము. వాన పట్టు మిద్దె, గట్టి నేల, ఇన్వర్టరు, దినమునకు అరగంట తీరిక గల యింటికి 90 పొడవు, 45 వెడల్పు, 45 ఎత్తు తగిన కొలత. నీటి సదుపాయము కొంచెము తక్కువైనను శ్రద్ధ గలవారు 60, 40, 40తో ఒక జత క్లౌన్ చేపలకు పరిమితమై తృప్తిపడవచ్చును. అయితే వారు దినమున రెండుమార్లు మట్టము చూడవలసి యుండును. 120, 60, 60 కొలత సొంత వాననీటి తొట్టియు, తోడు మనిషియు గల యింటికే. 30 సెంటీమీటర్ల బొమ్మరింటి తొట్టిని మొదటిసారి పెట్టువారికి మేము చెప్పజాలము. పైవానిలో ఏదియు కుదురని యింట మంచినీటి చేపల తొట్టియే శోభించును; అందు చిన్నతనమేమియు లేదు.

తొట్టి కొనకమునుపు చేసి చూడదగిన పరీక్ష ఒకటి కలదు. దానికి కాలము చైత్ర వైశాఖములు. ఆ రెండు నెలల ఎండలో, తొట్టి యున్నదనియే భావించి, ప్రతిదినము ఉదయమున 3 లీటర్ల శుద్ధజలమును పట్టి వేరుగా ఒక పాత్రలో పోయుడు. పదునైదు దినములకొకసారి 15 లీటర్లు అదనముగా పట్టుడు. సాయంకాలమున ఆ నీటిని ఇంటివారు త్రాగుటకు వాడుకొనవచ్చును, వృథా పోదు. ఎన్ని దినములు తప్పితిమో గోడపై కేలండరులో గుర్తు పెట్టుకొనుడు. అరువది దినములలో రెండు మూడు గుర్తులకు మించకున్నచో ఆ యిల్లు కడలి తొట్టికి సిద్ధముగా నున్నదని తెలియవలెను; కొలత టేపు తీసికొని దుకాణమునకు పోవచ్చును. గుర్తులు పది దాటినచో ఒక ఏడు ఆగి, ముందు మిద్దెకు వాననీటి గొట్టమును అమర్చుకొనుట మంచిది. తొట్టికి పోసిన డబ్బు రాకపోవచ్చును గాని, ఆ గొట్టముపై పెట్టిన డబ్బు ఏ యింటికిని నష్టము కాదు.